ఆధార్‌లో చిన్నదైన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని పోయిన వారం పొద్దున్నే ఆవిడ కొడుకు, నాకు అన్నయ్య, ఫోన్ చేశాడు. ఒడిశాలోని రాయగడలో బస్సెక్కి నేను సెమిలిగుడ చేరేసరికి ఆవిడను వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. వచ్చినవాళ్లంతా గుండెపోటు అంటున్నారు. నిజమే. కానీ ఆ గుండె చాలా నెలలుగా చెబుతూనే ఉంది.

పెదనాన్న పోయాక ఆవిడ ఒక హాస్టల్లో వంటపనికి వెళ్లింది. యాభై ఐదు దాటితే పనిలోకి తీసుకోం అన్నాడు కాంట్రాక్టరు మనిషి. అప్పటికే దాటిన పెద్దమ్మ ఆరేళ్లు తగ్గించి చెప్పింది. ఆధార్ తీసినప్పుడూ అదే వయసు రాయించుకుంది. ఆ అబద్ధం మీదే ఇల్లు నడిచింది.

హాస్టల్లో వడ్డన మొదలవకముందే ఒక గిన్నెలో చిక్కటి పప్పు తీసి పక్కన పెట్టేది. ఎందుకని అడిగితే, "ఆలీసంగా వచ్చినోడికే ఆకలెక్కువ" అనేది. నేను సెలవులకు వెళ్తే నాకూ ఆ గిన్నెలోదే పెట్టేది.

ఓపిక చాలక పని మానేశాక ఆయాసం మొదలైంది. గుండెలో పూడికలున్నాయి, విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించమన్నాడు కొరాపుట్ డాక్టరు. అన్నయ్య సరుకుల వ్యాను కొన్నాడని రేషన్ కార్డు తీసేశారు, దానితో వచ్చే వైద్యమూ పోయింది. మిగిలింది డెబ్బై నిండినవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య కార్డు. దానికి ఆస్తీ, ఆదాయమూ చూడరు. ఆధార్, ఫోను పట్టుకెళ్తే చాలు. పెద్దమ్మకు డెబ్బై నిండాయి కూడా.

వార్డులో శిబిరం పెట్టినప్పుడు నేనే వెంట వెళ్లాను. కంప్యూటర్ ముందున్న అబ్బాయి ఆధార్ చూసి ఒడియాలో, "మావుసీ, బయస హెయిని" అన్నాడు. పిన్నీ, వయసు రాలేదు అని.

మా వెనకాల నిలబడిన పక్కింటావిడకు కార్డొచ్చింది. పెద్దమ్మ పెళ్లినాటికి ఆవిడ పలక పట్టుకుని తిరిగే పిల్ల. ఆధార్‌లో ఎవరో పెంచి రాశారు.

"నా కంటే పెద్దదైపోనావే అమ్మి," అని పెద్దమ్మ నవ్వింది. పక్కింటావిడ నవ్వలేదు.

వయసు దిద్దించడానికి వెళ్తే పుట్టిన తేదీకి రుజువు కావాలన్నారు. పొట్టంగి దగ్గర పల్లెలో, సంతనాడు పుట్టిన మనిషికి రుజువు మా అమ్మమ్మే. ఆవిడ పోయి ఎంత కాలమైందో మాకే గుర్తులేదు. నోటరీ అన్నారు, సర్టిఫికెట్టన్నారు, రేపు రమ్మన్నారు. ఆపరేషన్‌కి వ్యాను అమ్మేస్తానన్నాడు అన్నయ్య.

"అమ్మేసి ఏటి తింటావురా? పెళ్లాం, పిల్లలు ఏటి తింటారు?" అంది పెద్దమ్మ. "కార్డు రానీ, అప్పుడెల్దాం."

నేను ఆ కాంట్రాక్టరు మనిషిని తిట్టబోతే ఆపింది. "ఆడు అడిగేడు, నాను సెప్పినాను. ఆ అబద్ధమే ఇన్నాళ్లూ కూడెట్టింది. ఇప్పుడు తిడితే ఏటి లాభం?"

ఆవిడ తిట్టలేదు. నాకు మాత్రం ఇంకా నోరు చేదుగానే ఉంది. యాభై ఐదు దాటితే పనికి ముసలిది, డెబ్బై దాటినా వైద్యానికి పడుచుది. మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే, జబ్బు రాకముందే వాళ్ల ఆధార్‌లో పుట్టిన సంవత్సరం చూడండి. తప్పుంటే వాళ్లు నడవగలిగినప్పుడే దిద్దించండి. మేము కూడా దిద్దించేవాళ్లమే, ఆవిడ ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే.

మరణం నమోదు చేయించడానికి వెళ్తే అక్కడి గుమస్తా వయసడిగాడు. అన్నయ్య అసలు వయసు చెప్పాడు. ఆధార్‌లో ఉన్నదే రాయాలన్నాడు గుమస్తా. అదే రాశారు.

ఆవిడ పోకముందు, ఆధార్ దిద్దించే ఆఫీసు నుంచి చివరిసారి వస్తున్నప్పుడు ఇంటి దారి ఎత్తెక్కుతూ పెద్దమ్మ సగంలో ఆగిపోయింది. ఊపిరందక గోడ పట్టుకుంది. నేను చూడకూడదని కాబోలు, చెయ్యెత్తి ఎదుటి కొండ చూపించింది.

"సూడమ్మి, మబ్బెలా దిగుతుందో."

నేను కొండవైపే చూస్తూ నిలబడ్డాను. పక్కన ఆవిడ ఊపిరి కుదుటపడేదాకా.