సగం ముఖంతో వేసిన ఈల

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. బెంగళూరు బళేపేటలో కాపురం పెట్టిన నాటి నుంచి నేను తాగిన ప్రతి కాఫీ మీద ఒట్టు. నా జబ్బు బయటపడింది కాఫీ తాగుతుండగానే కాబట్టి కాఫీ మీద ఒట్టేయడమే న్యాయం.

వీధికి రెండు బ్రౌజింగ్ సెంటర్లు వెలుస్తున్న రోజులవి. ఒక శుక్రవారం పొద్దున కాఫీ తాగుతుంటే చొక్కా తడిసింది. మా ఆవిడ లలిత గ్లాసు వైపు కాకుండా నా ముఖం వైపు చూసింది.

"ఏమండీ, కాఫీ అంతా కుడిపక్క నుంచి కారతా ఉండాది. నోరేంది, అట్ల వంకర పోయుండాది?"

అద్దంలో చూసుకున్నాను. ఎడమ సగం నన్ను చూసి భయపడింది. కుడి సగానికి ఆ సంగతే పట్టలేదు. కుడి కన్ను మూతపడటం లేదు.

"ఆస్పత్రికి పోదాం లేయండి" అంది లలిత.

"రాత్రి ఫ్యాన్ గాలి తగిలిందిలే. సాయంత్రానికి సర్దుకుంటుంది" అన్నాను.

దుకాణానికి వెళ్ళాను. గాజుల హోల్‌సేల్ దుకాణంలో సరుకు చూసుకునే పని నాది. సాయంత్రం ఇంటికొచ్చి, ఎప్పటిలాగే వీధిలో నిలబడి ఈల వేయబోయాను. ఉఫ్ అని గాలి వచ్చింది, అంతే.

ఆ ఈల సంగతి చెప్పాలి. మాది రెండో అంతస్తు. కింద వీధి తలుపుకు ఎప్పుడూ తాళమే. నేను రెండు స్వరాలు, ఒకటి కిందికి ఒకటి పైకి, ఈల వేస్తే లలిత తాడు కట్టిన చిన్న బుట్టలో తాళంచెవి దించేది. గాజుల పెట్టెలు దించే గోలలో, ఎదురుగా రేకులు కొట్టే చప్పుడులో కూడా నా ఈల పైకి వినపడేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. ఆ సాయంత్రం మాత్రం "లలితా!" అని అరవాల్సి వచ్చింది. వీధి వీధంతా తిరిగి చూసింది.

పైకి వెళ్ళాల్సింది పోయి బ్రౌజింగ్ సెంటర్‌కు నడిచాను. ఎందుకంటే అది శుక్రవారం.

అప్పట్లో బెంగళూరు తెలుగువాళ్ళం నలభై మందిమి ఒక మెయిల్ గ్రూపులో ఉండేవాళ్ళం. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. చదవాలంటే పైకే చదవాలి, లేకపోతే అర్థమయ్యేది కాదు. శుక్రవారం వస్తే ఒకరు తాము దాచుకున్న విద్య బయటపెట్టాలి, దానికి ఎన్ని కోతలైనా కోయొచ్చు, మిగతావాళ్ళు పదికి మార్కులు వేయాలి. కాడుగోడిలో ఉండే కంప్యూటర్ ఇంజనీరు ఒకాయన నులక మంచం అల్లగలనన్నాడు. పళ్ళ డాక్టరు ఒకాయన బుర్రకథ చెబుతానన్నాడు. హొసకోటె టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే సుభద్రమ్మగారు పదకొండు పక్షుల కూతలు కూస్తానన్నారు. నా విద్య ఈల. నేను ఈల వేస్తే కాడుగోడి స్టేషన్లో గూడ్సుబండి ఆగిందనీ, గార్డు దిగి పట్టాల మీది మేకకు దారిచ్చాడనీ రాశాను. పదికి తొమ్మిది వచ్చాయి.

ఆ సాయంత్రం మెయిల్‌లో మూడే వాక్యాలు రాశాను. "నా ముఖంలో కుడి సగం కదలడం లేదు. కన్ను మూతపడటం లేదు. ఈల పోయింది."

శనివారం వెళ్ళి చూస్తే మార్కులు వచ్చి ఉన్నాయి. ఆరు, ఏడు, ఏడు. "ఈసారి కాస్త తగ్గింది గురువుగారూ" అని ఒకరు. పళ్ళ డాక్టరుగారైతే ఎనిమిది వేసి, "మిగతా సగం వచ్చే శుక్రవారమా?" అని అడిగారు.

నాకు కోపం రావాల్సింది. కానీ, నిజం చెబుతున్నాను, గుండె తేలికపడింది. మా నాయనకు పక్షవాతం ఇలాగే ముఖంలో మొదలైంది. ఆ మాట నా నోటితో లలితకు చెప్పే ధైర్యం నాకు లేదు. నలభై మంది ఇది అబద్ధమంటే అబద్ధమే కావచ్చు కదా! పళ్ళకైనా డాక్టరు డాక్టరే, ఆయనే నవ్వాడు కదా! అలా ఇంకో రోజు పోయింది.

ఆదివారం పొద్దున తలుపు తట్టింది సుభద్రమ్మగారు. అంతకుముందు ఆమెను చూసింది లేదు. ముందురోజే మా దుకాణానికి ఫోన్ చేసి నా అడ్రసు కనుక్కుని హొసకోటె నుంచి మొదటి బస్సుకే వచ్చారంట.

"ఏమప్పా, ఇంకా ఇంట్లోనే ఉండావా?" అన్నారు నా ముఖం చూసి.

"మీరెట్లా నమ్మినారు?" అన్నాను. పెదవులు కలవక మాటలు జారిపోతున్నాయి.

"నీ అబద్ధాల్లో ఎప్పుడూ ఒక జంతువో పక్షో ఉంటాది. మేక, పిల్లి, ఏదో ఒగటి. ఈ మెయిల్లో ఏమీ లేదు. చదివినాక నిద్ర పట్టలేదు నాకు. లేయప్పా, చొక్కా ఏసుకో."

ఆస్పత్రిలో డాక్టరు "కనుబొమలు పైకెత్తండి" అన్నాడు. ఎడమది లేచింది. "బుగ్గలు ఉబ్బించండి." గాలి కారిపోయింది. "విజిల్ వేయండి" అన్నాడు. లలిత తల తిప్పుకుంది. చేతులూ కాళ్ళూ పరీక్షించి, "స్ట్రోక్ కాదు" అన్నాడు. "స్ట్రోక్ అయితే సాధారణంగా నుదురు కదులుతుంది, మీకు అదీ కదలడం లేదు. ఫేషియల్ నర్వ్ వాచింది. బెల్స్ పాల్సీ. స్టెరాయిడ్స్ రాస్తాను. ఈరోజు మూడో రోజు, ఇంకా టైమ్ ఉంది. కానీ శుక్రవారం ఎందుకు రాలేదు?"

మార్కుల కోసం ఆగానని ఏ డాక్టరుకు చెప్పగలం?

పగలు కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు రెప్పకు టేపు. మూడు వారాలు ఏ కదలికా లేదు. నాలుగో వారంలో పెదవి మూల కొద్దిగా అదిరింది. ఆ సంబరంతో, ఫిజియోథెరపిస్టు పది సార్లు చేయమన్నదాన్ని నేను ఐదు వందల సార్లు చేశాను. కొన్ని నెలలకు కొత్త తిప్పలు వచ్చాయి: పెదవులు సున్నా చుడితే కుడి కన్ను దానంతటది మూసుకుపోయేది.

డాక్టరు తిట్టాడు. "సింకైనీసిస్ అంటారు. వైర్లు తప్పు కలుస్తున్నాయి. మీది కుస్తీ పట్టే కండ కాదు. చిన్నగా, అద్దం ముందు, మెల్లగా."

ఆ 'చిన్నగా' నాకు నేర్పింది సుభద్రమ్మగారే. ఆదివారాలు వచ్చి అద్దం ముందు నా పక్కన కూర్చునేవారు. "పిట్ట గట్టిగా కూయదప్పా, సన్నగా కూస్తాది. పెదవి బిగించొద్దు. వేడి పాల మింద ఊదినట్ల ఊదు." పిచ్చుక కూత, వడ్రంగిపిట్ట కూత, ఒక్కొక్కటే. లలిత కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడి చూసేది. "పదకొండు పక్షులైనాయి, ఈ పన్నెండోది ఎప్పుడు కూస్తాదో!" అనేది.

ఎనిమిదో నెలలో ఒక ఆదివారం ముగ్గురం లాల్‌బాగ్‌కు వెళ్ళాం. చెట్ల కింద నిలబడి ఊరికే ఊదాను. కింది స్వరం, పై స్వరం, రెండూ వచ్చాయి. పై స్వరం ఆగేలోపే కొమ్మల్లోంచి ఒక కోయిల బదులిచ్చింది. సుభద్రమ్మగారు రెండు చేతులూ ఎత్తి, "నేను కాదప్పా, ఒట్టు!" అన్నారు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. బ్రౌజింగ్ సెంటర్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గ్రూపులో మెయిల్స్ ఎప్పుడో పండక్కి ఒకటి వస్తే వచ్చినట్టు. శుక్రవారం వస్తే ఇప్పటికీ చేతులు దురద పెడతాయి. నవ్వితే నా కుడి కన్ను కాస్త చిన్నదవుతుంది. ఎవరి పెళ్ళి ఫోటోలోనైనా ఎవరికో కన్ను కొడుతున్నట్టే పడతాను.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. ముఖంలో ఒక పక్క కదలకపోతే అదే రోజు, అదే గంట ఆస్పత్రికి వెళ్ళండి. అది గాలా, నరమా, పక్షవాతమా అని మీరు తేల్చకండి, స్నేహితులనూ తేల్చమనకండి.

ఇక ఒట్టు సంగతి. సుభద్రమ్మగారు ఇది చదివితే ఎలాగూ పట్టేస్తారు కాబట్టి నేనే చెబుతాను. కోయిల లేదు. మేం లాల్‌బాగ్‌కు వెళ్ళనే లేదు.

జరిగింది ఇది. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, వీధిలో నిలబడి, అన్నాళ్ళూ వేస్తున్న కేక మాని, పాత అలవాటుగా పెదవులు సున్నా చుట్టాను. గాలిలో దారమంత సన్నటి చప్పుడు వచ్చింది. నాకే సరిగా వినపడలేదు. ఎదురుగా రేకులు మోగుతున్నాయి, పెట్టెలు దించుతున్నారు. తల ఎత్తేసరికి బుట్ట దిగుతోంది.

పైకి వెళ్ళి, "వినపడిందా?" అని అడిగాను.

"చెవుడా నాకు? రెండు స్వరాలూ వినపడినాయి" అంది లలిత, తాడు చుడుతూ.

కిటికీ దగ్గర కుర్చీ వేసి ఉంది. దాని పక్కన నాలుగింటికెప్పుడో తాగాల్సిన కాఫీ గ్లాసు, మీగడ కట్టి, అలాగే ఉంది. ఎన్ని నెలలుగా సాయంత్రాలు అక్కడ కూర్చుని వీధిలో నా పెదవుల వంక చూస్తోందో!

మా ఇంట్లో అబద్ధాలు చెప్పే విద్య నాకొక్కడికే ఉందనుకునేవాణ్ణి. ఆమె దాచుకున్న విద్యకు ఆ రోజే మార్కులు వేశాను. పదికి పది.