బాపు నడుము

మాది నల్గొండ దగ్గర ఒక పల్లె. బాపు గొర్రెపిల్లలను పెంచి మాంసానికి అమ్మేవాడు. పిల్ల ఎదిగిందో లేదో కాంటా లేకుండానే చెప్పేవాడు. నడుము మీద, వెన్నుకు రెండు పక్కలా వేళ్లతో నొక్కి చూడాలి. ఎముక అంచులు తగిలితే ఇంకా మేపాలి, కండ నిండితే అమ్మొచ్చు. చిన్నప్పుడే నా చెయ్యి పట్టుకుని నేర్పాడు.

నాలుగేళ్ల కిందట బాపుకు జబ్బు ముదిరితే, లాభం లేదని దవాఖాన నుంచి ఇంటికి పంపారు. ఆయనకు మాత్రం కోలుకుంటున్నావనే చెప్పేవాళ్లం. ఒక ఉదయం స్నానం చేయిస్తూ వీపు రుద్దుతుంటే అడిగాడు.

"బిడ్డా, జర నడుం పట్టి చూడు. కండ పడ్తాందా?"

నొక్కాను. ఎముకలన్నీ వేళ్లకు తగిలాయి.

"పడ్తాంది బాపూ. పోయిన వారం కన్న నయమే."

బాపు నవ్వాడు. "అమ్మేటోళ్లందరు గిట్లనే చెప్తరు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా చేతిలోని చెంబు అందుకుని, మిగిలిన నీళ్లు తనే పోసుకున్నాడు. ఆ నెలలోనే పోయాడు.

ఇప్పుడు మందను నేనే చూసుకుంటున్నాను. గొర్రెపిల్ల నడుము నొక్కినప్పుడల్లా ఆ ఉదయం గుర్తొస్తుంది. బాపు నేర్పిన విద్యతోనే బాపుకు అబద్ధం చెప్పాను. నిజం చెప్పి, కాసేపు ఆయన పక్కన కూర్చోవాల్సింది.