పుప్పాలగూడ గుండు

నా చిన్నప్పుడు, తొమ్మిదో తరగతి సగంలో ఉండగా, కీళ్లజ్వరం వచ్చి గుండె దెబ్బతింది. అలసిపోకూడదు, బడికి వెళ్లొద్దు అన్నారు డాక్టర్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నాన్న, కొత్తగూడలోని మా ఫ్లాట్‌లోనే చదువు సాగేలా ఒక అమెరికా హైస్కూల్ దూరవిద్యలో నన్ను చేర్పించారు. వ్యాసరచన, గ్రామరు, అమెరికన్ సాహిత్యం. పాఠాలు కంప్యూటర్లో వచ్చేవి. నేను రాసి పంపినదాన్ని, నేనెప్పుడూ చూడని ఒక టీచరు దిద్ది పంపేది.

ఒకసారి ఆమె, బాగా తెలిసిన చోటు గురించి రాయమంది. నేను మంచు కురిసే పల్లె గురించి రాశాను. పాఠాల్లో చదివిన మంచంతా అందులో పోశాను. తప్పు ఒక్కటీ లేదని మురిసిపోయాను.

పక్కింటి అక్క నర్సు, నగర శివారులోని పుప్పాలగూడలో పుట్టి పెరిగిన మనిషి. నాకు ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆమెకు ఆ వ్యాసం చదివి, తెలుగులో అర్థం చెప్పాను. ఆమె అంతా విని, "మంచిగున్నది గానీ, గీ మంచును నువ్వెప్పుడన్న ముట్టినవా?" అంది.

ఆదివారం అక్క చర్చి నుంచి వచ్చాక, మా అమ్మను ఒప్పించి నన్ను స్కూటీ మీద పుప్పాలగూడ తీసుకెళ్లింది. అక్కడ ఇల్లంత గుండు, ఒకే బండరాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లకు పునాదులు తవ్వుతున్నారు. గుండుకు అప్పటికే డ్రిల్లుతో వరసగా రంధ్రాలు వేసేశారు. అక్క నా అరచేతిని రాతికి ఆనించింది. ఎండపక్క కాలుతోంది, నీడపక్క చల్లగా ఉంది. వాళ్లమ్మ చింతపండు ఆరబోసిన చోటు, వాననీళ్లు నిలిచే గుంట, తను జారి మోకాలు చీరుకున్న వాలు, అన్నీ చూపించింది. చివరికి డ్రిల్లు రంధ్రం మీద వేలు పెట్టి, "ఇగ పేలుస్తరంట. నువ్వన్న రాయి. నాకు రాయనీకి రాదు," అంది.

ఆ వారమే రాసి పంపాను. గుండు పోబోతోందని నువ్వే అన్నావు, మరి అంతా వర్తమానకాలంలో ఎందుకు రాశావు అని అడిగింది టీచరు. అక్కకు చెప్పాను.

"ఉన్నది అనే ఉంచు," అంది అక్క. అలాగే ఉంచాను. "ఇంగ్లీషుల నాకు అంత సమజ్ కాదు. తెలుగుల రాసి వినిపిస్తవా?" అని కూడా అడిగింది. సరేనన్నాను.

తెలుగులో సగం రాశానో లేదో, జ్వరం తిరగబెట్టింది. ఆసుపత్రిలో నెలలు గడిచాయి. ఇంటికొచ్చేసరికి అక్క గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయింది. గుండునూ పేల్చేశారు. ఆమె ఇచ్చి వెళ్లిన నంబరు కొన్నాళ్లకే మూగబోయింది.

ఆనాటి గ్రామరు చాలావరకు మరిచిపోయాను. కానీ ఇప్పటికీ ఏది రాయబోయినా, దీన్ని నేను ముట్టానా అని ఒక క్షణం ఆగుతాను. తెలుగు వ్యాసం తర్వాత ఎప్పుడో పూర్తిచేశాను. వినిపించడానికి అక్క ఎక్కడుందో తెలియదు. అటుగా వెళ్లినప్పుడల్లా అక్కడ లేచిన టవర్ల మధ్య గుండు ఉండిన చోటు వెతుకుతాను, గుర్తుపట్టలేను. అక్క ఉంటే, ఆ చోటే నిలబడి చూపించేది.