ముక్కుపుల్ల ప్రసంగం

మా చర్చి పాస్టరు అయ్యగారికి గొంతు ఆపరేషన్ అయింది. మూడు నెలలు నోరు తెరిచి మాట్లాడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ప్రసంగం చేసిన మనిషి, జేబులో చిన్న నోటుపుస్తకం, పెన్ను పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం చిక్కడపల్లిలో మా ఇంటికొచ్చి, ఆ పుస్తకంలో రాసి చూపించారు: "నేను కోలుకునేదాకా వాక్యం నువ్వు చెప్పాలి."

నేను పెద్దగా జంకలేదు. అశోక్ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ళకు చాలా ఏళ్ళుగా పాలిటీ చెబుతున్నాను. నిండిన హాల్లో మైకు పట్టుకుని రెండు గంటలు ఆపకుండా మాట్లాడగలను. అరవై మంది ఉండే మా చిన్న చర్చిలో అరగంట మాట్లాడడం ఎంత పని అనుకున్నాను.

మా చర్చి నారాయణగూడలో ఒక సందులో, టైలరు షాపు పైన, మొదటి అంతస్తులో ఉంటుంది. జంపఖానాల మీద ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు కూర్చుంటారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు వెనక కుర్చీలు. వచ్చేవాళ్ళలో ఆఫీసు ఉద్యోగులు కొందరు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు కొందరు. ఎక్కువమంది పాలమూరు నుంచి వచ్చి, ముషీరాబాద్ బస్తీల్లో ఉంటూ కూలిపని చేసుకునేవాళ్ళు.

మొదటి ప్రసంగానికి యేసుప్రభువు చెప్పిన ఉపమానం ఒకటి తీసుకున్నాను. పది వెండి నాణేలున్న ఒక స్త్రీ అందులో ఒకటి పోగొట్టుకుంటుంది. దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెతుకుతుంది. దొరికాక ఇరుగుపొరుగు అమ్మలక్కల్ని పిలిచి సంతోషిస్తుంది. అంత చిన్న కథ మీద నేను ఏడు పాయింట్లు తయారుచేశాను. పోగొట్టుకోవడం అంటే ఏమిటి, అది ఎన్ని రకాలు, దానికి కారణాలు, ఫలితాలు... ఇలా సాగింది. నలభై నిమిషాలు ఎక్కడా తడబడకుండా చెప్పాను. ఇద్దరు హాస్టలు అబ్బాయిలు శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు. మిగతావాళ్ళు ఫ్యాను వైపు చూస్తున్నారు. మా ఆవిడ కూడా.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ నన్ను ఆపింది. పాలమూరు మనిషి. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో కట్టే బిల్డింగులకు ఇసుక, ఇటుకలు మోస్తోంది.

"సారూ, ఒకటి అడుగుత, ఏమనుకోకు. ఆమె ఇంట్ల కింద బండలేసి ఉండెనా, మట్టి నేలనా?"

"ఎవరింట్లోనమ్మా?"

"గదే, పైసలు పోగొట్టుకున్నామె ఇంట్ల."

"అది అక్కడ రాసిలేదమ్మా" అన్నాను.

"రాయకుంటే ఏంది? ఇల్లైతే ఉన్నది కద. మట్టి నేలైతే పెడ్డలు లేచిన గుంతలల్ల పడ్తది, చీపురు పెడితే ఇంకింత లోపలికి పోతది. బండలైతే సందుల ఇరుకుతది. మల్ల ఊడ్చిందంటే పగలే కద, దీపం ఎందుకు పెట్టింది? ఇంటికి కిటికీ లేదా? మా రూముకు లేదు. పొద్దుగాల్నుంచే లైటు వేసుకుంటం."

ఆ కథను వందసార్లు చదివి ఉంటాను. ఒక్కసారి కూడా ఆ ఇంట్లోకి వెళ్ళి చూడలేదు.

మర్నాడు అయ్యగారింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నవ్వబోయి, గొంతు నొప్పెట్టి ఆగిపోయారు. తర్వాత పుస్తకంలో నెమ్మదిగా రాశారు: "నువ్వు అర్థం చెప్పావు. వాళ్ళు ఇల్లు చూపించమంటున్నారు. ఇల్లు చూపిస్తే అర్థం వాళ్ళే వెతుక్కుంటారు." కింద ఇంకో లైను చేర్చారు: "పాయింట్లు ఇంట్లో వదిలేసి రా."

వదిలేయడం అనుకున్నంత సులువు కాలేదు. శనివారం పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీలో ఒక మూల కూర్చుని తెల్లకాగితం ముందు పెట్టుకునేవాణ్ణి. చెయ్యి దానంతటదే ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసేది. చివరికి రాయడం మానేసి, ఇంటికెళ్ళి మా ఆవిడ ముందు నోటితో చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ వినేది. నడుమ నడుమ ఒకే మాట అనేది.

"నాకు ఏం కనబడ్తలేదు."

ఆ మాట వినగానే ఆగేవాణ్ణి. వెనక్కి వెళ్ళి, అక్కడ ఎవరున్నారు, చేతిలో ఏముంది, ఎండా వానా అని ఆలోచించి మళ్ళీ చెప్పేవాణ్ణి. "ఆ, ఇప్పుడు జర కనబడ్తున్నది" అంటే ముందుకు వెళ్ళేవాణ్ణి. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా మేమిద్దరం అంతసేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న శనివారాలు అంతకుముందు లేవు.

మూడో ఆదివారం ప్రభువు చెప్పిన ఇంకో ఉపమానం, ఇసుక మీద కాక బండ మీద ఇల్లు కట్టినవాడి కథ చెప్పాను. దానికి ముందు ఆ పెద్దావిడనే అడిగాను, పునాది ఎలా తవ్వుతారని. గడ్డపార బండకు తగిలితే చేతుల్లోంచి భుజాల దాకా ఎలా జల్లుమంటుందో, ఆ చప్పుడు విని మేస్త్రీ ఎక్కడున్నా ఎలా లేచి వస్తాడో చెప్పింది. నేను అదే చెప్పాను. కూలిపని చేసే మగవాళ్ళు ముందుకు వంగి విన్నారు. ఒకాయన తన చేతులు చూసుకున్నాడు. ఫ్యాను వైపు ఎవరూ చూడలేదు.

ఆ సంతోషం నా తలకెక్కింది. ఎక్కడ ఏ మాట విన్నా, ఇది ప్రసంగంలోకి పనికొస్తుందా అని చూడడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే మా కోచింగ్ సెంటరు పక్కన కొత్త హాస్టలు కడుతున్నారు. అక్కడ ఆ పెద్దావిడ పనికి వచ్చింది. క్లాసుల మధ్య ఖాళీ దొరికినప్పుడు ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర ఇద్దరం నిలబడి టీ తాగేవాళ్ళం. ఒకరోజు తన సంగతి ఒకటి చెప్పింది. ఈ ఊరికి వచ్చిన కొత్తలో, ఒక బిల్డింగు పనిలో ఉండగా ఆమె ముక్కుపుల్ల ఇసుక కుప్పలో పడిపోయింది. వాళ్ళమ్మ ఇచ్చింది. మూడు రోజులు, పని దిగాక, వెలుతురు ఉన్నంతసేపు ఆ ఇసుకంతా జల్లెడ పట్టింది. మేస్త్రీ నవ్వాడు. తోటి ఆడవాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు. అంతవరకు చెప్పేసరికి నా క్లాసుకు గంట కొట్టారు. నేను పరుగెత్తాను.

తర్వాతి ఆదివారం మళ్ళీ అదే నాణెం కథ తీసుకున్నాను. మొదటిసారి పాడుచేసినదాన్ని సరిచేద్దామని పంతం. ఈసారి ఇసుక కుప్ప, జల్లెడ, మేస్త్రీ నవ్వు అన్నీ చెప్పాను. ఆమె పేరు చెప్పలేదు కానీ "మన మధ్యనే ఉన్న ఒక తల్లి" అన్నాను. ఆమె ఎవరో ఆడవాళ్ళు పోల్చుకున్నారు. మూడో రోజు పొద్దు వాలుతుండగా జల్లెడలో ముక్కుపుల్ల తళుక్కున మెరిసిందని చెప్పాను. స్తోత్రం అన్నారు జనం. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నా జీవితంలో అంత మెప్పు నేను ఎరగను.

ఆరాధన అయ్యాక చూస్తే ఆ పెద్దావిడ లేదు. నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం టీ బండి దగ్గరికి కూడా రాలేదు. నేనే రోడ్డు దాటి, పని జరిగే చోటుకు వెళ్ళాను. ఇటుకల మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. పక్కకు జరిగి చోటిచ్చింది. కానీ నా వైపు చూడలేదు.

"అది దొరకలే సారూ" అంది.

నేను ఆమె పక్కన ఇటుకల మీద కూర్చున్నాను.

"నువ్వు అడగలే, నేను చెప్పలే. గంట కొట్టిండ్రని ఉరికినవ్. దొరికిందని ఎట్ల చెప్పినవ్?"

"కథలో దొరుకుతుంది కదమ్మా, అందుకని..."

"ఆమెది దొరికింది, ఆమెది చెప్పు. నాది దొరకలే. ఆ ఇసుక గోడలల్లకు పోయింది. ఇప్పటికి ఆ బిల్డింగ్ల ఎవరో ఉంటున్నరు." చేత్తో ముక్కు చూపించింది. రంధ్రం పూడుకుపోకుండా చిన్న చీపురుపుల్ల ముక్క పెట్టుకుని ఉంది. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఎందుకని అడగలేదు. "నిన్న అందరు నా ముక్కే చూసిండ్రు. ఏది, పెట్టుకోకపోతివి, అని అడిగిండ్రు. నేనేం చెప్పాలె? సారు అబద్ధం చెప్పిండని చెప్పాల్నా? దొరికినదాన్ని అమ్ముకున్ననని చెప్పాల్నా?"

"తప్పయిందమ్మా" అన్నాను.

"తిను" అని రొట్టె ముక్క చేతిలో పెట్టింది. కోపం తీరి కాదు, పక్కన కూర్చున్న మనిషికి పెట్టకుండా తినలేక.

సాయంత్రం అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఇక నేను ప్రసంగం చెప్పనన్నాను. అప్పటికి ఆయనకు నాలుగు మాటలు మెల్లగా మాట్లాడే అనుమతి వచ్చింది. ఆ నాలుగు మాటలు నాకోసం ఖర్చుపెట్టారు. "ఎక్కడ చెప్పావో అక్కడే దిద్దుకో" అన్నారు.

ముందు ఆమెను అడిగాను. ఈసారి నిజం చెప్తాను, చెప్పమంటావా వద్దా అని. ఆమె "చెప్పు. ఒక్కటి కూడా ఎక్కువ కలపకు" అంది.

ఆదివారం లేచి నిలబడ్డాను. కాగితం లేదు. "పోయిన వారం నేను మీకొక అబద్ధం చెప్పాను. ఆ తల్లి ముక్కుపుల్ల దొరకలేదు" అన్నాను. తర్వాత నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. దొరుకుతుందన్న నమ్మకం ఎవరికీ లేని చోట ఒక మనిషి మూడు రోజులు వెతికిందని, పొద్దంతా తట్టలు మోసిన చేతులతోనే జల్లెడ పట్టిందని, చీకటి పడితే ఇంటికెళ్ళి మర్నాడు మళ్ళీ వచ్చిందని చెప్పాను. "దేవుడు మనల్ని వెతకడం ఎలా ఉంటుందో నేను పుస్తకాల్లో చాలా చదివాను. ఈ తల్లి ఇసుక జల్లించిన సంగతి విన్నాకే నాకు కనబడింది" అని కూర్చున్నాను. ఏడెనిమిది నిమిషాలు కూడా పట్టి ఉండదు.

ఎవరూ స్తోత్రం అనలేదు. కానీ ఆరాధన ముగిశాక జనం ఇళ్ళకు కదల్లేదు. టైపింగ్ పని చేసే ఒకావిడ, చిన్నప్పుడు జాతరలో తప్పిపోతే వాళ్ళ నాన్న చెప్పులు లేకుండా తిరిగి వెతికిన సంగతి పక్కావిడకు చెబుతోంది. ఒక హాస్టలు అబ్బాయి ఫోను తీసుకుని, ఎన్నాళ్ళ నుంచో మాట్లాడని అన్నకు మెట్ల మీద నిలబడి ఫోను చేశాడు.

ఆ పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు మంచిగ చెప్పినవ్" అంది. వెళ్తూ వెళ్తూ ఆగి, "మేస్త్రీ ఊకె నవ్వలే సారూ. మూడో దినం తనే జల్లెడ పట్టుకున్నడు. అది నేను నీకు చెప్పలే" అంది.

అయ్యగారి గొంతు బాగైంది. అయినా నెలకు రెండు ఆదివారాలు నాకే ఉంచారు. ఇప్పుడు ఎవరి సంగతైనా చెప్పాలంటే ముందు వాళ్ళింటికెళ్ళి, చివరిదాకా విని, చెప్పవచ్చా అని అడుగుతాను. వద్దంటే మానేస్తాను. కొన్ని మంచి కథలు అలా నాలోనే ఉండిపోయాయి. దానికి నాకేమీ బాధ లేదు.

పోయిన నెల పిండిలో కలిపిన పులిసిన ముద్ద గురించిన ఉపమానం చెప్పాను. మా ఆవిడ సలహాతో దోసెల పిండి తీసుకున్నాను. మూత పెట్టిన గిన్నెలో ఎవరూ చూడకుండా జరిగే పనిని చూపించి, అర్థం విప్పకుండానే ముగించాను. తర్వాత టీ పోస్తుంటే ఆడవాళ్ళ మధ్య వాదన మొదలైంది. చలికాలంలో పిండి పులవదని ఒకరు, పొయ్యి పక్కన పెడితే పులుస్తుందని ఇంకొకరు, ఎప్పుడు పులుస్తదో మన చేతుల లేదు, ఊకె మూత తీసి చూడొద్దని పెద్దావిడ. అప్పుడు మా ఆవిడ, ఇంకా ఉద్యోగం రాని, రోజూ అందరూ ఏమైందని అడిగే తన తమ్ముడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను టీ గ్లాసు పట్టుకుని, గోడకు ఆనుకుని వింటూ నిలబడ్డాను.