పచ్చ చుక్క కుర్చీలు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు ఒకదానికొకటి కుర్చీలు ఇచ్చిపుచ్చుకుంటాయి. కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు ఉచితంగా డెమో క్లాసు చెప్పాలి. పిల్లలు విని, నచ్చితే చేరతారు, లేకపోతే ఇంకొకరి డెమోకు పోతారు. గది నిండినవాళ్ళు ఖాళీగా ఉన్నవాళ్ళ దగ్గర కుర్చీలు అడుగుతారు. అడిగితే కాదనకూడదు, అదిక్కడి పద్ధతి.

నేను ప్రోగ్రామింగ్ చెబుతాను. ఏళ్ళ తరబడి ఒక సార్ సెంటర్లో చెప్పాను. ఒకరోజు ఆయన పిలిచి, "ఏమీ అనుకోకండి మేడమ్, మీ సబ్జెక్టు బాగానే ఉంటుంది గానీ మీ యాస డెమోకి సూటవదండి. పిల్లలు కంపెనీల్లో అలా మాట్లాడితే ఏం బాగుంటుంది?" అన్నాడు. ఫ్లెక్సీలో నా ఫొటో మీద ఇంకొకరి ఫొటో అంటించారు. అంచున నా చెవి ఒక్కటి బయటికి కనిపిస్తూ చాలా రోజులు అలాగే ఉంది.

నాకు ఒళ్ళు మండింది. అదే బిల్డింగులో ఆయన పై అంతస్తులోనే గది అద్దెకు తీసుకుని, ఆయన డెమో ఏ టైముకో నాదీ అదే టైమని బోర్డు పెట్టాను. ఎవరూ రాలేదు. పొరపాటున వచ్చినవాళ్ళు కూడా సగంలో లేచి కిందికి దిగేవాళ్ళు. ఒక ఉదయం సారే స్వయంగా నా గుమ్మంలోకి వచ్చి, "మీకెలాగూ ఖాళీయే కదా మేడమ్, కుర్చీలు కాస్త ఇస్తారా?" అన్నాడు.

ఇచ్చాను. కాలి మీద గుర్తుగా పచ్చరంగు చుక్క పెట్టిన నా కుర్చీలను కిందికి దించుతుంటే నవ్వుతూ నిలబడ్డాను. ఆయన గొంతు పడిపోవాలని, ఆయన గదిలో ఈగలు తోలుకోవాలని మనసులో శాపనార్థాలు పెట్టాను. కుర్చీలు తిరిగొచ్చినప్పుడు కొన్ని తగ్గాయి. దిగి వెళ్ళి అడగడానికి ప్రాణం ఒప్పలేదు.

ఇక నావల్ల కాదనుకున్నాను. పంజాగుట్టలో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది, సోమవారం చేరాలి. గది ఖాళీ చేస్తున్నానని ఓనరుకు చెప్పడమే మిగిలింది.

ఆ ముందురోజు ఆదివారం. నా హాస్టల్ రూమ్మేటు, సోమాజిగూడ ఆసుపత్రిలో నర్సు, దుప్పటి లాగేసింది. "ఎన్ని రోజులు గిట్లనే ముసుగుతన్ని పంటవే? లే, జర గాలి తగుల్తది," అని మధురానగర్‌లో ఆడవాళ్ళ కబడ్డీకి లాక్కుపోయింది.

ఒక సన్నటి అమ్మాయి కూతకు పోయింది. అవతలి మూలలో ఉన్న దిట్టమైన మనిషి ఆమె చీలమండ దొరకబుచ్చుకుని నేలకు అదిమేసి, ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపి నవ్వింది. అవుటైన అమ్మాయి బయట బెంచీ మీద కూర్చోవాలి, తనవాళ్ళు అవతల ఒకరిని అవుట్ చేస్తేనే మళ్ళీ లోపలికి రావచ్చు. వచ్చింది. మళ్ళీ అదే మూలకు పోయింది, మళ్ళీ అదే పట్టు. జనం నవ్వారు.

"గీ పిల్లకు దిమాగ్ లేదా? అటుదిక్కు అల్కగ దొరుకుతరు కదా," అన్నాను.

"పాయింట్ కోసం పోతలేదే," అంది రూమ్మేటు. "గా మనిషి కోసం పోతుంది."

అప్పుడు బెంచీ వైపు చూశాను. ఆ అమ్మాయి ఏడవడం లేదు, నీళ్ళు కూడా తాగడం లేదు. మూలలో ఉన్న ఆమె కాళ్ళనే చూస్తోంది, ఎప్పుడు ముందుకు వంగుతుందో, ఏ కాలు ముందు కదులుతుందో. మూడోసారి పోయినప్పుడు ఆ చెయ్యి చీలమండ మీదికి రాకముందే కాలు ఎత్తేసి, ఆమె భుజం తాకి వెనక్కి దూకింది. నలుగురు మీద పడ్డా వేళ్ళు నడిగీతకు అందాయి. ఆ మనిషే అవుటై బెంచీకి నడిచింది. గొంతు పోయేలా అరిచాను. నా కళ్ళకు మాత్రం ఆ బెంచీకి నడుస్తున్నది మా సారే.

సోమవారం పంజాగుట్ట పోలేదు. సార్ డెమోకు పోయి చివరి వరసలో కూర్చున్నాను. డెమోకు ఎవరైనా రావచ్చు, ఆయన నన్ను లేపలేకపోయాడు. నా బదులు పెట్టుకున్న మనిషి చక్కగా, నున్నగా మాట్లాడుతున్నాడు. పిల్లలు తలూపుతున్నారు, పక్కవాడి పుస్తకంలోకి చూస్తున్నారు. ఒక్కడికీ అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ నేను కూడా పైన ఆ నున్నటి మాటలే తెచ్చిపెట్టుకుని చెబుతున్నానని అప్పుడు తెలిసింది. ఆయన బలమున్న చోట ఆయనలాగే ఆడితే ఎవరొస్తారు?

ఆ తర్వాతి డెమో "ఇగో, జర ఇటు సూడుండ్రి, సమజ్ గాకుంటే ఆడనే ఆపుండ్రి," అంటూ మొదలుపెట్టాను. ఆరోజు ఎవరూ మధ్యలో లేవలేదు. అయినా గది నిండటానికి ఎండాకాలం పోయి వానలు పడాల్సి వచ్చింది.

నిండిన రోజు పిల్లలు గోడల వెంట నిలబడ్డారు. కుర్చీల కోసం ఎవరినైనా పంపొచ్చు. నేనే దిగాను. కింద సగం గది ఖాళీ.

"సార్, జర కుర్చీలు గావాలె. మీకెట్లయిన ఖాళీయే గదా."

ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా, "తీసుకోండి," అన్నాడు. పచ్చ చుక్క ఉన్నవాటిని ఒక్కొక్కటే ఏరి పైకి పంపాను. చివరికి నా లెక్కకు ఒకటి తగ్గింది. ఆయన కూర్చున్న కుర్చీ కాలు చూశాను.

"అది సుత మాదే సార్," అన్నాను.

ఆయన లేచేదాకా అక్కడే నిలబడ్డాను.