మూడు గోడల ఇంట్లో అమ్మ నవ్వు

ఓటీటీ కోసం మేం తీసిన కామెడీ సిరీస్ బాగాలేదు. ఈ మాట చూసినవాళ్లు అనకముందే నాకు తెలుసు, ఎందుకంటే అందులో సగం మాటలు నేనే రాశాను. పది ఎపిసోడ్లు, ఒకే ఇల్లు, నాలుగు కెమెరాలు. ఆ ఇంటికి మూడే గోడలు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరాలు ఉండేవి. అందుకని కుటుంబమంతా బల్లకు ఒకే పక్క వరసగా కూర్చుని అన్నం తినేది. మా శాలిబండ గల్లీల్లో ఎవరింట్లోనైనా అలా వరసగా కూర్చున్నారంటే పెళ్లిచూపులకైనా వచ్చి ఉండాలి, పరామర్శకైనా వచ్చి ఉండాలి.

వేరే దేశాల్లో ఇలాంటివి జనం ముందే ఆడతారని మా దర్శకుడు చెప్పేవాడు. జనం నవ్వు ఆగేదాకా నటులు ఆగి, అప్పుడు తర్వాతి మాట అంటారట. మేం మాత్రం జనం లేకుండా ఆగడం ఒక్కటే నేర్చుకున్నాం, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ప్రతి జోకు తర్వాత రెండు సెకన్లు ఖాళీ వదలాలి, నవ్వు తర్వాత అతికిస్తారు. ఆ రెండు సెకన్లూ నటుల ముఖాలు చూస్తే, ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయినవాళ్లలా ఉండేవారు. చూసేవాళ్లు ఫోన్లో తల దూర్చి చూస్తారు కాబట్టి, కోపం వచ్చిన పాత్ర 'నాకు కోపం వచ్చింది' అని నోటితో చెప్పాలని ఇంకో నియమం. సిగ్గు లేకుండా అదీ రాశాను.

నిజానికి నాకు హాస్యం నేర్పింది మా పక్కింటావిడ, నేను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచే ఆమె. ఇంట్లోనే చీరలకు జరీ పని చేసేది. మధ్యాహ్నం వంటలయ్యాక పని పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చేది. అమ్మ ఆమెను ఉర్దూలో ఆపా అని, ఆమె అమ్మను తెలుగులో అక్కా అని పిలుచుకునేవారు. ఇద్దరిలో పెద్దదాన్ని నేనేనని ఒప్పుకున్నవాళ్లు ఇప్పటికీ లేరు. ఖాలా ముఖం కదలకుండా కథ చెప్పేది, తాను మాత్రం నవ్వేది కాదు. అమ్మ ముందు చప్పుడు లేకుండా ఊగేది, తర్వాత కుక్కర్ కూసినట్టు ఒక్క కూత, ఆ తర్వాత తొడ మీద చరుపు. గల్లీ చివరి కిరాణా కొట్టు దాకా వినిపించేది. అదంతా అయ్యేదాకా ఖాలా సూదిలో దారం ఎక్కించుకుంటూ ఆగి, అప్పుడు అసలు మాట వేసేది. ఎంతసేపు ఆగాలో నాకు తెలిసింది ఆ గడప దగ్గరే.

మా సెట్టు బహదూర్‌పురా దగ్గర ఒక పాత గోదాములో వేశారు. మొదట్లో దర్శకుడు ముచ్చటపడి చుట్టుపక్కల బస్తీల నుంచి ఆటోల్లో జనాన్ని తెప్పించాడు. వాళ్లు మా జోకులకు నవ్వలేదు. లైట్లు సర్దే అతని చేతిలోంచి టిఫిన్ డబ్బా జారి పప్పంతా చొక్కా మీద పడితే మాత్రం విరగబడి నవ్వారు. దర్శకుడు అలిగి జనాన్ని మానిపించాడు. ఒకరోజు ఓ ఇరవై మందిని కూర్చోబెట్టి చిన్న నవ్వు, మధ్య నవ్వు, పెద్ద నవ్వు విడివిడిగా రికార్డు చేసి దాచుకుందామన్నాడు.

ఆ రోజు అమ్మను కూడా తీసుకెళ్లాను. నేను పనిచేసే చోటు చూడాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. నవ్వమంటే అమ్మకు నవ్వు రాలేదు, ఏడవలేక నవ్వినట్టు ఏదో చేసింది. మధ్యలో చాయ్ ఇచ్చారు. చేతులు కడుక్కుందామని సెట్లోని వంటింటికి వెళ్లి నల్లా తిప్పింది. నీళ్లు రాలేదు. ఇంకా తిప్పింది. వంగి వెనక్కి చూస్తే పైపు లేదు, చెక్కకు కొట్టిన మేకు ఉంది.

"గింత పెద్ద ఇల్లు కట్టిన్రు, నల్లాకు నీళ్లే లేవేంది బిడ్డా" అంది. అని, ఊగడం, కూత, చరుపు, మొత్తం నవ్వు నవ్వింది. మైకులు నడుస్తూనే ఉన్నాయి. సౌండ్ చూసే అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. దాన్ని 'పెద్ద నవ్వు' అని పేరు పెట్టి దాచుకున్నాడు. నాకు ఒళ్లంతా గర్వంగా అనిపించింది.

ఆరో ఎపిసోడ్‌లో పెద్ద నవ్వు పెట్టే చోటే లేదని తేలింది. మర్నాడే షూటింగ్. రచయితల గదిలో మా రాతలన్నీ చూసే పెద్దాయన, మీ ఇళ్లలో జరిగింది ఏదైనా చెప్పండి అన్నాడు. నేను గిన్నె సంగతి చెప్పాను.

మా గల్లీలో పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. బచ్చాలు, అదే బొబ్బట్లు, వెళ్తే షీర్ ఖుర్మా పాయసం వస్తుంది, ఏమీ లేకపోతే నాలుగు నిమ్మకాయలైనా వస్తాయి. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఖాలా భర్త పనిచేసే కార్ఖానా మూతపడింది. ఆ ఉగాదికి అమ్మ పంపిన బచ్చాల గిన్నెను ఖాలా కడిగి, తుడిచి, డబ్బాలన్నీ వెతికి, అడుగున చిటికెడు చక్కెర వేసి నా చేతికిచ్చింది. ఇంటికొచ్చి ఇస్తే అమ్మ గిన్నెలోకి చూసి, వేలితో ఆ చక్కెర అద్దుకుని నోట్లో వేసుకుంది. మర్నాటి నుంచి కొన్నాళ్లు మా ఇంట్లో అన్నం ఎక్కువ వండేవారు. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు.

సీనులో అది పక్కింటి పిసినారి ఆవిడ అయింది. ఖాలాలాగే ముఖం కదలకుండా మాట్లాడేలా నేనే రాశాను. ఆమె ఇచ్చిన గిన్నెలోకి ఇంటాయన తొంగి చూసి, "చీమలకు పార్సిల్ వచ్చింది" అంటాడు. ఆ మాట కూడా నాదే. రాసేటప్పుడు ఖాలా గుర్తుకు రాలేదని చెప్పుకోవచ్చు గానీ అబద్ధం. తెలిసే రాశాను. రెండు సెకన్లు ఖాళీ వదిలారు.

పది ఎపిసోడ్లూ ఒక్కరోజే వచ్చాయి. మొదటి ఎపిసోడ్‌లోనే అమ్మ నవ్వును గల్లీ అంతా గుర్తుపట్టింది. కిరాణా కొట్టు అతను అమ్మకు సలాం చేసి మరీ చెప్పాడట. అమ్మ రెండు ఎపిసోడ్లు చూసి, మంచిగుంది అని, కళ్లద్దాలు తీసేసింది. పక్కింట్లో ఖాలా కోడలు మాత్రం టీవీలో పెట్టి అత్తగారితో కూర్చుని అన్నీ చూసింది. చీమల మాట వెనకాల, మిగతా నవ్వులన్నిటికంటే పైన, మా అమ్మ కూత ఉంది.

వారం రోజులు ఖాలా గడప దగ్గరికి రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అమ్మ పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఎప్పుడూ చాప మీద కూర్చునే మాకు ఖాలా కోడలితో కుర్చీలు వేయించింది. అమ్మకు అప్పుడే భయం పట్టుకుంది.

"నవ్వితే నవ్వినవ్ అక్కా, దాని ఫికర్ లేదు" అంది ఖాలా. "గిన్నె ముచ్చట ఎవరికి చెప్పినవ్, అది చెప్పు."

అమ్మకు ఏ గిన్నో అర్థం కాలేదు. ఆమె ముఖం చూసి నేను మొదలుపెట్టాను. నవ్వు వేరే రోజు రికార్డు చేశారని, అమ్మ నల్లాను చూసి నవ్విందని, దాన్ని తెచ్చి ఇక్కడ అతికించారని. చెప్తుంటే నాకే అబద్ధంలా వినిపించింది. మనిషి నవ్వును కోసి వేరే మాట కింద పెడతారంటే ఎవరు నమ్ముతారు? ఖాలా నమ్మలేదు. నలభై ఏళ్లుగా విన్న నవ్వు తనకు తెలియదా అంది.

"అమ్మకు ఏం తెల్వదు ఖాలా" అన్నాను చివరికి. "రాసింది నేను."

ఖాలా చట్రానికి బిగించిన బట్ట వైపు తిరిగి, జరీ పోగు ఒకటి సరిచేసింది. ఆమెకు కోపం వచ్చినా బాగుండేది.

"ఇంట్ల పిల్లవని నీ ముంగట దాచుకోలే బేటీ" అంది.

ఆ సీను తీసేయమని నేను కంపెనీ వాళ్లను అడిగాను. జనం ఎక్కువగా పంచుకుంటున్న ముక్క అదేనని, రెండో సీజన్‌కు అలాంటివే కావాలని చెప్పారు. రెండో సీజన్ నేను రాయలేదు. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు, వేరేవాళ్లు రాశారు. అదీ బాగాలేదు. మొదటి సీజన్ మాత్రం ఎవరు ఎప్పుడు నొక్కితే అప్పుడు మొదలవుతుంది, మా అమ్మ ఆ మాటకు నవ్వుతూనే ఉంటుంది.

వాళ్లిద్దరూ మళ్లీ కలిశారు. ఎలా కలిశారో, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మొన్న మధ్యాహ్నం ఇంటి మలుపు తిరుగుతుంటే గడప దగ్గర ఖాలా గొంతు, ఆ వెంటనే అమ్మ నవ్వు వినిపించాయి. ప్రాణం లేచి వచ్చి గబగబా నడిచాను. నన్ను చూడగానే ఖాలా కథ మధ్యలో ఆపింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. తర్వాత ఏమైందో చెప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఖాలా సూదిని బట్టలో గుచ్చి పెట్టి, బయట ఎండ బాగా ఉందా అని నన్ను అడిగింది. ఉందన్నాను.