పరాయి వంటింట్లో నా పెత్తనం

ఈమధ్య ఒక కోడలిని బాగా అదుపులో పెట్టి వచ్చినాను. తీరా చూస్తే ఆ పిల్ల మా కోడలు కాదు. ఆ ఇల్లూ మాది కాదు!

మూడేండ్ల కింద కడుపులో పుండని మద్రాసులో ఆపరేషన్ చేసి, కడుపు సగం కోసేసినారు. లావుగా ఉన్నదాన్ని సన్నబడితిని. మా ఊరు ఆలూరులో చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. తర్వాత్తర్వాత అరికాళ్ళలో చీమలు పాకినట్టుండేది. మతిమరుపూ మొదలయింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, పొయ్యి మీద పాలు మరిచిపోవడం. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మిల్లులో రాగులు ఆడించుకొని వచ్చినాను. మా వీధిలో మిద్దెలన్నీ ఒకే తీరు. లోపలికి పోతే పొయ్యి పక్కన కోడలు, తల వంచుకొని కూర్చొనుంది.

"ఏమ్మే, ఎసరు పొంగిపోతాంటే యాడ చూస్తాండావు?"

ఉలిక్కిపడి లేచింది. పిండి పోసి, తెడ్డు తీసుకొని నేనే సంగటి గెలికినాను. కారం నూరమంటే నూరింది. చెంబు తోమమంటే తోమింది. తలెత్తలేదు, ఒక్క ఎదురుమాట లేదు. మా కోడలికి ఇంత వినయం యాడ్నుంచి వచ్చిందా అని మురిసిపోతిని!

అంతలో గడపలో ఒక మనిషి.

"ఎవరప్పా నువ్వు, చెప్పులతో లోపలికొస్తాండావు?" అని గదిమినాను.

"నేను ఈరన్నను గదక్కా! ఇది మా ఇల్లే. పిండి మాత్రం నీదే మాదిరి ఉండాది."

మాకు రెండిండ్ల అవతలి మనిషి. ఆ పిల్ల, అత్త లేని ఆ ఇంటికి ముందురోజే కాపురానికొచ్చిన ఆయన కోడలు. ఎవరో పెద్ద చుట్టమనుకొని చెప్పిందల్లా చేసింది, పాపం!

ఈరన్న నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. రేపు కన్నకొడుకునే "ఎవరప్పా నువ్వు" అంటే? ఆ రాత్రే ఇంట్లో అంతా చెప్పేసినాను.

"గాలి సోకింది, మంత్రాలయం పోదాం" అన్నారు మా ఆయన. కొడుకు వినకుండా కర్నూలు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు.

డాక్టరు కుట్ల గుర్తు చూసి, "మతి ఎక్కడికీ పోలేదమ్మా. కడుపు సగం పోయింది గదా, తిండిలోని ఒక విటమిను ఒంటికి పట్టడంలేదు. నరాలకూ తలకూ అది కావాలి. సూదులు వేయించుకుంటూ ఉండు, సర్దుకుంటుంది" అన్నాడు.

ఆ మాటకు అక్కడే ఏడ్చినాను.

సూదులు పడినాయి. మతి కుదురుకుంది. ఇప్పుడు ఏ గడప ఎవరిదో కండ్లు మూసుకొని చెప్తాను.

అయినా పొద్దు వాలితే ఈరన్న ఇంటికే పోతాండా. "పాపం, ఇంకా నయం కాలేదు" అంటాండారు వీధిలో. అననీ! "అత్తా, ఈ పొద్దు ఏం చేయమంటావు?" అని అడిగే కోడలు మా ఇంట్లో యాడుండాది?